ప్లేట్లు తగ్గించకండి, సెట్లు తగ్గించండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం జిమ్ మొదలుపెట్టినవాళ్లవి కాదు, జిమ్ నుంచి కాస్త బయటపడాలనుకుంటున్నవాళ్లవి. పేర్లు వేయవద్దని దాదాపు అందరూ కోరారు కాబట్టి వేయడం లేదు. జవాబులు మా వ్యాయామ, వైద్య నిపుణులవి.

ప్రశ్న: నా వయసు 29, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 84 కిలోలు. ఆరేళ్లుగా వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు గంటలు జిమ్‌లోనే. చికెన్, అన్నం తూచుకునే తింటాను. నాలుగు నెలలుగా కుడి భుజం నొప్పి. నాలుగంతస్తులు మెట్లెక్కితే ఆయాసం. చెల్లెలి పెళ్లిలో కూడా రెండు రోజుల వర్కౌట్ పోయిందన్న దిగులే. తగ్గించాలని ఉంది, కానీ తగ్గిస్తే ఒళ్లు జారిపోతుందని భయం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు భయం సంగతి. కండ పెంచడానికి పడినంత శ్రమ దాన్ని నిలుపుకోవడానికి పడక్కర్లేదు. సెట్లను, అంటే ఒక వ్యాయామాన్ని ఆపకుండా చేసే విడతలను, మూడో వంతుకు తగ్గించినా, ఎత్తే బరువును మాత్రం తగ్గించకపోతే కండ నెలల తరబడి నిలిచిందని ప్రయోగాల్లో తేలింది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ‘ఇక లైట్‌గా చేద్దాం’ అని 80 కిలోల స్క్వాట్‌ను 40కి దించి, ఆరు రోజులూ వెళ్తూనే ఉంటారు. టైమూ మిగలదు, బలమూ నిలవదు. మీరు తీసేయాల్సింది కడ్డీకి తగిలించే ప్లేట్లు కాదు, సెట్లు.

ఒక్కసారిగా తగ్గించవద్దు. మొదటి రెండు వారాలు ఆరు రోజులను నాలుగు చేయండి, రెండు గంటలను గంటా పావు చేయండి. మూడో వారం నుంచి చెస్ట్ డే, బ్యాక్ డే అన్న విభజన మానేసి, వారానికి రెండు రోజులు ఒళ్లంతటికీ కలిపి చేయండి. సోమవారం, గురువారం అనుకుందాం. స్క్వాట్ గానీ లెగ్ ప్రెస్ గానీ 3 సెట్లు, ఒక్కోదానిలో 6 నుంచి 8 సార్లు. డంబెల్ రోయింగ్ 3 సెట్లు, 8 నుంచి 10. ఛాతీకి డంబెల్ ప్రెస్ 2 సెట్లు. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ 2, పుల్‌డౌన్ లేదా పుల్‌అప్ 2, చివర కేబుల్‌తో ఫేస్ పుల్ 15 చొప్పున 2. బరువైన సెట్ల మధ్య రెండు నిమిషాలు ఆగినా యాభై నిమిషాల్లో అయిపోతుంది. ప్రతి సెట్‌నూ ‘ఇంకో రెండు చేయగలను’ అన్నచోట ఆపండి. బైసెప్స్‌కి విడిగా ఏమీ లేదేమిటని అడుగుతారు. రోయింగ్‌లో, పుల్‌డౌన్‌లో వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. మరీ మనసు ఒప్పుకోకపోతే ఒక్క సెట్ కలుపుకోండి.

భుజం విషయానికొస్తే, సోమవారం ఏ జిమ్‌కి వెళ్లినా బెంచ్ ఖాళీ ఉండదు, రోయింగ్ మెషీన్ మాత్రం ఖాళీగా కనిపిస్తుంది. అంటే ఛాతీకి చేసినంత పని వీపుకు పడదు. మీ నొప్పికి ఇదీ ఒక కారణం కావచ్చు. బార్‌బెల్ బెంచ్ ప్రెస్, మెడ వెనక్కి దించే ప్రెస్, గడ్డం దాకా లాగే అప్‌రైట్ రోలను ఆరు వారాలు పక్కన పెట్టండి. డంబెల్ ప్రెస్‌లో అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, మోచేతులు ఒంటికి 45 డిగ్రీల్లో ఉండాలి. అదీ నొప్పెడితే నేల మీద పడుకుని చేయండి, మోచేయి మరీ కిందికి దిగకుండా నేలే ఆపుతుంది. రబ్బర్ బ్యాండ్‌తో, మోచేయి పక్కటెముకలకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పే వ్యాయామం 15 చొప్పున రెండు సెట్లు చేయండి. నొప్పికి పదిలో మార్కులేసుకుంటే మూడు వరకూ ఫరవాలేదు, మర్నాటి ఉదయానికి అది సర్దుకోవాలి. రాత్రి ఆ పక్కకు తిరిగితే నిద్ర లేచిపోతున్నా, చెయ్యి పైకెత్తడానికి బలం చాలకపోయినా ఎముకల డాక్టర్‌కు చూపించండి. నొప్పి బిళ్ల వేసుకుని సెట్లు కొట్టడం మాత్రం వద్దు, ఎక్కడ ఆపాలో తెలియకుండా పోతుంది.

మెట్లెక్కితే వచ్చే ఆయాసానికి మందు బరువుల్లో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ, దాంతోపాటు కండరాలకు కనీసం రెండు రోజుల పని కావాలి. రెండోది మీకు ఎక్కువే అయింది, మొదటిది లేదు. మూడు రోజులు 40 నిమిషాల చొప్పున వేగంగా నడవండి, సైకిల్ తొక్కండి లేదా ఈత కొట్టండి. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, వేగానికి అదే కొలత. మరో రోజు అరగంట షటిల్ ఆడినా మీ లెక్క పూర్తవుతుంది. ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా ఇవేవీ మొదలుపెట్టకుండా ముందు గుండె పరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. రెండో వారానికి చేతులు ‘దిగిపోయినట్టు’ కనిపిస్తాయి, కాటా మీద కిలో, కిలోన్నర తగ్గుతుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే బెంబేలెత్తి పాత పద్ధతికి వెళ్లిపోతారు. పోయింది కండ కాదు. కండరాల్లో శక్తి కోసం దాచుకున్న పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ అంటారు. దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరు ఉంటుంది. శ్రమ, తిండి తగ్గగానే ఆ నిల్వ కొంత తగ్గుతుంది. జిమ్‌కి వెళ్లేవాళ్లు వాడే క్రియాటిన్ పొడి కూడా అదే వారం మానేస్తే ఇంకాస్త నీరు పోతుంది. అందుకని క్రియాటిన్ వాడుతుంటే రోజుకు 3 నుంచి 5 గ్రాములు మొదటి రెండు నెలలూ అలాగే ఉంచండి. మూడో వారంలో చిరాకు, నిద్ర పట్టకపోవడం రావచ్చు. ఆ సాయంత్రాలు ఇంట్లో కూర్చోకుండా నడకకు వెళ్లండి.

తిండి మాత్రం వ్యాయామం తగ్గించిన వారమే తగ్గాలి. ఆరు రోజుల శ్రమకు తిన్నంత రెండు రోజుల శ్రమకూ తింటే నెల తిరిగేసరికి బెల్టు చెబుతుంది. రోజుకు 300 నుంచి 400 కేలరీలు కోసేయండి. బరువు పెంచే మాస్ గెయినర్ పొడి తాగుతుంటే అది మానేస్తే చాలు, లేకపోతే ఒక కప్పు అన్నం, ఒక షేక్ తగ్గించండి. ప్రీవర్కౌట్ పొడి కూడా అక్కర్లేదు. కొన్నింటిలో స్కూపుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. సాయంత్రం ఏడింటికి తాగి రాత్రి నిద్ర రాలేదంటే తప్పు నిద్రది కాదు.

తూచుకుని తినే అలవాటును, రోజు తప్పితే వచ్చే దిగులును విడిగా పట్టించుకోవాలి. వారంలో ఒక పూట కావాలనే తూచకుండా తినండి. పెళ్లి భోజనం దీనికి మంచి చోటు. విస్తట్లో పప్పు, పులిహోర, గారె ఎన్ని గ్రాములో తేల్చుకోకుండా, ఆకలి తీరేదాకా తిని లేవండి. మర్నాడు దానికి శిక్షగా అదనపు కార్డియో చేయకండి. అలాగే నెలకోసారి జిమ్‌కి వెళ్లాల్సిన రోజున కావాలనే మానేయండి. మొదటిసారి ఆ సాయంత్రం తెమలదు. నాలుగోసారికి దిగులు చాలావరకు పలచబడుతుంది. అలా పలచబడకపోగా పెరుగుతుంటే సైకాలజిస్ట్‌ను కలవండి, ఇది వాళ్లు రోజూ చూసే సమస్యే.

కొలతలు మార్చండి. బొడ్డు దగ్గర నడుం కొలత పదిహేను రోజులకోసారి. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. పొద్దున లేవగానే నాడి, నెలకోసారి బీపీ, నాలుగంతస్తులు ఎక్కడానికి పట్టిన టైము, ఇవి రాసుకోండి. అద్దం ముందు ఫొటోలు మూడు నెలలు ఆపేయండి.

ప్రశ్న: జిమ్ మానేస్తే కండంతా కొవ్వుగా మారుతుందట. నిజమేనా?

జవాబు: కాదు. కండరం, కొవ్వు వేర్వేరు కణాలు, ఒకటి ఇంకొకటిగా మారదు. వ్యాయామం ఆగితే కండ మెల్లగా తగ్గుతుంది, తిండి తగ్గించకపోతే కొవ్వు పెరుగుతుంది. రెండూ ఒకేసారి జరిగి మారినట్టు కనిపిస్తుంది. రెండు మూడు వారాల విరామంలో బలం చెప్పుకోదగ్గంత పోదు. పోయినదీ కొత్తగా సంపాదించిన దానికంటే త్వరగా తిరిగొస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు, రాజమండ్రిలో డిగ్రీ అయింది. చూసినవాళ్లంతా పహిల్వాన్‌లా ఉన్నాడంటారు. వాడేమో సన్నగా ఉన్నానంటూ ఎండాకాలంలో కూడా రెండు టీషర్టులు వేసుకుంటాడు. అద్దం వదలడు. స్నేహితుల దగ్గరికీ, ఫంక్షన్లకూ రాడు. నువ్వు బాగానే ఉన్నావురా అంటే కోపం. ఏం చేయాలండీ?

జవాబు: మీరు రాసిన గుర్తులు మజిల్ డిస్మార్ఫియా అనే సమస్యకు సరిపోతున్నాయి. ఎంత కండ ఉన్నా చాలలేదనిపించడం దాని లక్షణం. అమెరికాలో హారిసన్ పోప్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు 1993లో దీన్ని ఆహారం మానేసే అనొరెక్సియాకు తిరగేసిన రూపంగా వర్ణించారు. 1997లో ఇప్పుడున్న పేరు పెట్టారు. 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వ్యాధుల వర్గీకరణలో, తన శరీరంలో లోపం ఉందన్న ఆలోచన వదలని రుగ్మత కింద దీన్ని చేర్చారు. పొగరూ కాదు, సోకూ కాదు. నిర్ధారణ మాత్రం డాక్టరే చేయాలి.

‘బాగానే ఉన్నావు’ అన్న మాట పనిచేయకపోవడానికి కారణం ఉంది. ఆ ఓదార్పు నాలుగు నిమిషాలే నిలుస్తుంది, మళ్లీ అద్దం దగ్గరికి పంపిస్తుంది. అందుకని ఒంటి గురించి మంచీ వద్దు, చెడూ వద్దు. మన ఇళ్లల్లో గుమ్మంలో అడుగు పెట్టగానే ‘ఏంట్రా చిక్కిపోయావు?’ అని పలకరించడం అలవాటు. ప్రేమతో అన్నదే అయినా ఆ పిల్లాడి బుర్రలో అది నెల రోజులు తిరుగుతుంది. బంధువులకు ముందే చెప్పి పెట్టండి. మాట్లాడాల్సింది వాడి నిద్ర గురించి, నొప్పుల గురించి, ఆగిపోయిన ఉద్యోగ ప్రయత్నాల గురించి. ‘రోజుకు ఎంతసేపు దీని గురించే ఆలోచిస్తున్నావు నాన్నా?’ అని ఒక్కసారి అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోండి. గంటకు పైమాటే అంటే డాక్టర్‌ను కలవాల్సిందే.

జిమ్ కార్డు లాక్కోవడం, పౌడర్ డబ్బాలు పారేయడం చేయకండి. దాచి చేయడం మొదలవుతుంది. సైకియాట్రిస్ట్ దగ్గర ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే కౌన్సెలింగ్ వారానికోసారి చొప్పున కొన్ని నెలలు సాగుతుంది, అవసరమైతే దిగులు, ఆందోళన తగ్గించే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు ఇస్తారు. ఈ మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది, మధ్యలో ఆపకూడదు. వెంటనే డాక్టర్ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందని ఒక్కసారి అన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ సమస్యలో ఆ ప్రమాదం ఎక్కువ.

ప్రశ్న: శాకాహారిని, గుడ్డు కూడా తినను. బరువు 68 కిలోలు. రోజుకు నాలుగు స్కూపుల పౌడర్ తాగుతున్నాను. మానేస్తే ప్రొటీన్ ఎలా?

జవాబు: భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కలో మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలు. బరువులెత్తేవాళ్లకు 1.2 నుంచి 1.6 వరకు పెట్టుకోవచ్చు. అంటే మీకు 82 నుంచి 109 గ్రాములు. ఇది వంటింట్లోనే వస్తుంది. పొద్దున 60 గ్రాముల పెసలతో పెసరట్లు 14 గ్రాములు. రెండు గ్లాసుల పాలు, మొత్తం అర లీటరు, 16. మధ్యాహ్నం 50 గ్రాముల కందిపప్పు 11, అన్నం 120 గ్రాముల బియ్యానిది 9, పెరుగు 200 గ్రాములు 6. సాయంత్రం 50 గ్రాముల సెనగల గుగ్గిళ్లు 9, గుప్పెడు పల్లీలు 7. రాత్రి మూడు పుల్కాలు 10, మీల్ మేకర్ 40 గ్రాములు 20. ఈ తూకాలన్నీ వండకముందువి. కూడితే 102.

పౌడర్‌ను ఒక్కరోజులో ఆపి పప్పులన్నీ ఒకేసారి పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది. వారానికో స్కూపు తగ్గిస్తూ రండి. సెనగలు పది గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. మీల్ మేకర్‌ను మరిగే నీళ్లలో పది నిమిషాలుంచి, రెండుసార్లు గట్టిగా పిండండి, పచ్చి వాసన పోతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కండ కోసం ప్రొటీన్ పౌడర్లు వద్దనే చెప్పాయి. ప్రయాణాల్లో ఒక స్కూపు తాగితే కొంపలేమీ మునగవని మా అభిప్రాయం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం పై లెక్కలేవీ పాటించకుండా డాక్టర్ చెప్పినంతే తినాలి.

ప్రశ్న: వయసు 31. జిమ్‌లో చెబితే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, మాత్రలు రెండేళ్లు వాడాను. మానేసి నాలుగు నెలలు. నీరసం, కోరికలు లేవు, ఏ పని మీదా మనసు పోవడం లేదు. పిల్లల కోసం చూస్తున్నాం. మళ్లీ తక్కువ డోసు తీసుకుంటే సర్దుకుంటుందని ఒకరన్నారు.

జవాబు: తీసుకోకండి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తున్నంతకాలం మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్లను దాదాపు ఆపేస్తుంది. అవి లేకపోతే వృషణాలు సొంత టెస్టోస్టిరాన్‌నూ చేయవు, వీర్యకణాలనూ చేయవు. తక్కువ డోసు వేసుకుంటే రెండు రోజులు హుషారుగా ఉంటుంది, పిల్లల ఆశ మాత్రం ఇంకా వెనక్కి పోతుంది. మానేశాక ఈ గ్రంథి తేరుకోవడానికి కొందరికి కొన్ని నెలలు, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది. మీ నీరసం, నిరాశ చాలావరకు ఈ మధ్యకాలానివే.

ఎండోక్రినాలజిస్ట్‌ను కలిసి, ఏం వాడారో, ఎంత వాడారో దాచకుండా చెప్పండి, సీసాల ఫొటోలుంటే చూపించండి. ఉదయం పది లోపు పరగడుపున టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ చూస్తారు. రక్తపరీక్షలో హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, 54 శాతం దాటితే రక్తం చిక్కబడి గడ్డలు కట్టే భయం ఉంటుంది. మంచి కొలెస్ట్రాల్ బాగా పడిపోయి ఉండొచ్చు. బీపీ, ఈసీజీ, గుండె గోడలు మందమయ్యాయేమో తెలియడానికి 2డీ ఎకో అవసరం. పరీక్షకు ముందు వారం రోజులు బరువులెత్తకండి. వ్యాయామం వల్లే లివర్ పరీక్షల్లో చూసే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ ఎంజైములు పెరిగి లివర్ చెడిందన్న అనుమానం వస్తుంది, జీజీటీ అనే మరో లివర్ ఎంజైమ్ పరీక్ష కూడా చేయిస్తే తేడా తెలుస్తుంది. కండ ఎక్కువున్నవాళ్లకు కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ కూడా కాస్త ఎక్కువే చూపిస్తుంది. వీర్యపరీక్షకు ముందు 2 నుంచి 7 రోజుల విరామం ఉండాలి. కొత్త వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఒక్క రిపోర్టు చూసి కుంగిపోకుండా మూడు నెలలకు మళ్లీ చేయించండి. స్టెరాయిడ్లు మానేశాక వేసుకోమని జిమ్‌లో ‘పీసీటీ’ పేరుతో అమ్మే మాత్రలు సొంతంగా మింగకండి.

ఇంకో మాట, మీరు రాయకపోయినా. కొన్ని జిమ్‌లలో ‘పంప్’ కోసమని, అంటే కండలు ఉబ్బి కనిపించాలని, మెఫెంటర్మిన్ ఇంజెక్షన్ వాడుతున్నారు. అది ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చినప్పుడు పడిపోయిన బీపీని లేపడానికి వాడే మందు. మామూలు బీపీ ఉన్న మనిషికి ఎక్కిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అలవాటు పడ్డవాళ్లకు అనుమానాలు, లేనివి వినిపించడం దాకా పోతుంది.

ప్రశ్న: వయసు 27. పోటీ కోసం ఆరు నెలలు కటింగ్ చేశాను, అంటే తిండి తగ్గించి కొవ్వు కరిగించాను. ఐదు నెలలుగా నెలసరి లేదు. పోటీ అయిపోయింది కాబట్టి అదే వస్తుందా?

జవాబు: తిండి పెరిగితే చాలామందికి వస్తుంది, కానీ చూస్తూ కూర్చోవద్దు. మూడు నెలలు దాటగానే గైనకాలజిస్ట్‌ను కలవాలి, మీకు ఐదయ్యాయి. ముందు గర్భధారణ పరీక్ష, తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్, అండాశయాలకు సంబంధించిన పీసీఓఎస్ కాదని తేల్చుకోవడం. ఇవన్నీ సరిగా ఉంటే కారణం శక్తి లోటే. తిన్నదంతా వ్యాయామానికే పోతే శరీరం ముందు ఆపేసే పని నెలసరి. ఈస్ట్రోజన్ తగ్గి ఎముకలు పలచబడతాయి, అందుకని ఆరు నెలలు దాటినా, ఎముక చిట్లినా ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ అడుగుతారు. రోజుకు 300 నుంచి 400 కేలరీలు పెంచండి, అన్నం, నెయ్యి, పాలు, నువ్వులతోనే. పరగడుపు కార్డియో ఆపండి, బరువులు వారానికి మూడు రోజులు చాలు. హార్మోన్ మాత్రలు వేసుకుంటే వచ్చే రక్తస్రావాన్ని నయమైందనుకోకండి, సొంతంగా నెలనెలా రావాలి. రెండు మూడు కిలోలు పెరుగుతారు, పెరగాలి కూడా.

ప్రశ్న: వయసు 46. చిన్నప్పుడు ఊళ్లో తాలింఖానాలో చేసినవాణ్ణి. ఇప్పటికీ రోజూ 200 బస్కీలు, 100 దండాలు తీయందే తోచదు. మోకాళ్లు నొప్పి.

జవాబు: రోజు విడిచి రోజు చేయండి. బస్కీలు 15 చొప్పున మూడు విడతలు, దండాలు 10 చొప్పున మూడు చాలు. బస్కీలో మడమ నేలకు ఆననివ్వండి, కిందికి పోయి ఎగిరి లేవకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. ఇదీ తేలికైతే సంఖ్య పెంచకుండా రెండు చేతుల్లో ఐదేసి కిలోల డంబెల్స్ పట్టుకోండి. మీ పాత వరుసలో చేతులతో లాగే పని లేదు కాబట్టి వారానికి రెండుసార్లు కడ్డీ పట్టుకుని వేలాడండి, వీలైతే పైకి లాగండి. మోకాలు వాచినా, మెట్లు దిగేటప్పుడు పట్టేసినా బస్కీలు ఆపి ఎముకల డాక్టర్‌కు చూపించండి. వ్యాయామం చేసిన మర్నాడు మూత్రం డికాషన్ రంగులో వస్తే, ఏ వయసువాళ్లయినా సరే, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కండరం చితికి అందులోని పదార్థం కిడ్నీల్లోకి చేరుతోందని అర్థం.